సంగటి మిషన్‌కు పరీక్ష ఎక్కడ

పాతికేళ్లు మోటార్లతో, గేర్లతో బతికినవాణ్ణి. నా చేతుల మీదుగా బయటికి వెళ్లిన వస్తువుల్లో నాకు బాగా గుర్తున్నది మాత్రం ఒక్కటే. రాగి సంగటి గెలికే మిషన్. అది బాగా అమ్ముడుపోయిందని కాదు, పోలేదు. దాన్ని ఎక్కడ పరీక్షించాలన్న విషయంలో నేను కొన్ని నెలలపాటు తప్పించుకు తిరిగాను. ఆ తప్పించుకోవడం ఒక మనిషి భుజం మీదికి వచ్చింది. అందుకని గుర్తు.

రెండువేల సంవత్సరానికి అటూ ఇటూ జరిగిన సంగతి ఇది. మదనపల్లె పక్క నుంచి పాలిటెక్నిక్ డిప్లొమా పట్టుకుని బెంగుళూరు వచ్చి, బొమ్మనహళ్ళిలో ఒక ఫ్యాక్టరీలో కుదురుకున్నాను. ఫ్యాక్టరీ అంటే ఏదో ఊహించుకోవద్దు. రేకుల కప్పు, రెండు లేతు మిషన్లు, ఒక డ్రిల్లింగ్ మిషన్, ఏడెనిమిది మందిమి. పెద్ద కంపెనీల మిక్సీలకు లోపలి సామాను చేసి ఇచ్చేవాళ్లం. మా యజమాని తాతల కాలంలోనే ఈ ఊళ్లో స్థిరపడిన తెలుగాయన. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, కోపం వస్తే రెండూ కలిపి మాట్లాడేవాడు. ఆయనకు ఉన్నది ఒకటే బాధ.

"ముప్పై ఏండ్లుగా ఇంకొకరి పేరుండే మిక్సీలకు కడుపులో సామాను చేస్తా ఉండాం. మన పేరుతో ఒక్క వస్తువు బయటికి పోలేదప్పా," అనేవాడు.

ఒకరోజు మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ చెయ్యి ఆపాడు. "దోసె పిండికి గ్రైండరుండాది. చట్నీకి మిక్సీ ఉండాది. సంగటికి ఏముండాది చెప్పు? ఆడోళ్ల చేతులు తప్పితే ఏమీ లేదు. మనం చేద్దాం," అన్నాడు. ఆ మాట నాకూ నచ్చింది. సంగటి తిని పెరిగినవాణ్ణి, మిషన్లు తెలిసినవాణ్ణి, ఇంతకన్నా తగినవాడు ఎవడుంటాడని లోపల మురిసిపోయాను కూడా.

సంగటి ఎరగనివాళ్లకు రెండు మాటలు. మరిగే ఎసట్లో కాసిని బియ్యమో నూకలో ఉడికించి, నడుమ రాగిపిండి కుప్పగా పోసి, మూతపెట్టి మగ్గనిస్తారు. తరువాత గిన్నె కిందికి దించి, బరువైన కట్టెతో గెలుకుతారు. గట్టిపడేకొద్దీ అది కట్టెను పట్టేసుకుంటుంది. సరిగ్గా గెలకకపోతే లోపల పచ్చి పిండి ఉండలు మిగిలిపోతాయి. సంగటిని నమలరు, మింగుతారు. కాబట్టి ఒక్క ఉండ తగిలినా గొంతుకు అడ్డం పడుతుంది.

నేను చేసిన మిషన్ చూడ్డానికి బాగానే ఉండేది. గిన్నె మీద బిగించే మూత, మూత మీద మోటారు, లోపలికి వేలాడే స్టీలు రెక్క. ఇళ్లకు చిన్నది, మెస్సులకు, హోటళ్లకు పెద్దది. యజమాని తన ఇంటి పేరుతో స్టిక్కర్లు ముందే అచ్చు వేయించేశాడు. ఊళ్లో జరిగే ఒక ఎగ్జిబిషన్‌లో స్టాలు కూడా మాట్లాడేశాడు. ఇక మిగిలింది పరీక్ష.

ఇక్కడ మెస్సు అక్క గురించి చెప్పాలి. మా ఫ్యాక్టరీ వెనక సందులో ఆమెది రేకుల షెడ్డు మెస్సు. కదిరి దగ్గరి నుంచి వచ్చింది. భర్త పోయాక ఒక్కతే నడుపుకుంటోంది. కూరలు తరగడానికి చెల్లెలు సాయం. పొద్దున్నే భవనాల పనికి వెళ్లే మనవైపు కూలీలు యాభై మంది దాకా ఆమె దగ్గర సంగటి తిని, మధ్యాహ్నానికి ఇంకో ముద్ద క్యారియర్లో పెట్టించుకుని పోయేవాళ్లు. ఆ సంగటి మొత్తం ఆమె ఒక్క చేత్తో గెలకవలసిందే. మేం మిషన్ చేస్తున్నామని ఎవరు చెప్పారో, సందులో నేను కనబడినప్పుడల్లా ఆపేది.

"మీ మిషన్ ఎప్పుడొస్తాదప్పా? ఈ కుడి భుజం పని అయిపోయిందంట, ఇంక గెలకొద్దంట, డాక్టరు చెప్పినాడు. గెలకకపోతే మెస్సు మూసుకోవల్ల. మెస్సు మూస్తే ఊరికి పోవల్ల. ఊర్లో ఏముండాది, బోరు గూడా ఎండిపోయ."

"వచ్చేస్తుందక్కా, పరీక్షలు జరుగుతున్నాయి," అనేవాణ్ణి.

జరుగుతున్న మాట నిజమే. ఎక్కడెక్కడో జరుగుతున్నాయి. మొదట ల్యాబుకు తీసుకెళ్లాం. ఊరికి అవతలి కొసన ఉండేది. మిషన్ స్కూటరు మీద పెట్టుకుని వెళ్లేసరికి నడుము విరిగింది. అక్కడి ఆఫీసరు పెద్దమనిషి గిన్నెలో నీళ్లు పోసి, మోటారు తిప్పి, మీటర్లు పెట్టి చూశాడు. షాకు కొట్టడం లేదు, వేడెక్కడం లేదు. "సంగటి వేసి కూడా చూస్తే బాగుంటుందేమో," అన్నాను. ఆయన కళ్లజోడు పైనుంచి నన్ను చూసి, తాము చూసేది కరెంటేననీ, సంగటి ఉడికిందో లేదో తమకు సంబంధం లేదనీ కన్నడంలో మర్యాదగానే చెప్పాడు. సర్టిఫికెట్ వచ్చింది. యజమాని దానికి ఫ్రేము కట్టించాడు.

తరువాత వైట్‌ఫీల్డ్. ఆయన చుట్టాలబ్బాయి ఒకడు అక్కడ సాఫ్ట్‌వేర్‌లో ఉండేవాడు. కొనేవాళ్లు వాళ్లే గనుక పరీక్షించేదీ వాళ్లే అయ్యుండాలని యజమాని లెక్క. మూడు ఫ్లాట్లలో మూడు చిన్న మిషన్లు నెలరోజులు పెట్టి, అభిప్రాయాలు రాయమని కాగితాలిచ్చాం. మూడు కాగితాల్లోనూ "బాగుంది, చాలా బాగుంది" అనే రాశారు. ఒకావిడ మాత్రం చివర్లో చపాతీ పిండి కలపడానికి ఎంతో ఉపయోగంగా ఉందని మెచ్చుకుంది. నాకు ఒళ్లు మండింది. వెళ్లి అడిగితే తేలిందేమంటే, వాళ్లు సంగటి చేసుకునేది ఎప్పుడో ఒక ఆదివారం, అదీ నాటుకోడి తెచ్చుకుంటేనే. నెల మొత్తానికి రెండుసార్లు. మనవాళ్లు గదా, మొహం మీద బాగాలేదని ఎలా రాస్తారు?

మూడోచోటు మా ఇల్లు. నేను గొప్పగా చెప్పుకున్న పరీక్ష ఇదే. మడివాళలో రెండు గదుల అద్దె ఇల్లు. వరుసగా మూడు వారాలు, రోజూ పొద్దున సంగటి. నేను ముందుగదిలో గడియారం, కరెంటు మీటరు పెట్టుకుని కూర్చుని నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. ఎన్ని నిమిషాలు తిరిగింది, మోటారు ఎంత కరెంటు లాగింది, అన్నీ రాశాను. మోటారు ఆగిన కాసేపటికి మా ఆవిడ పళ్లెంలో ముద్ద, పుల్లగూర పెట్టి తెచ్చేది. నున్నగా ఉండేది. ఒక్కరోజు కూడా ఒక్క ఉండ తగలలేదు. చివరి రోజు పేజీ అడుగున "పాస్" అని రాసి, కింద రెండు గీతలు గీశాను.

మెస్సు అక్క దగ్గరికి మాత్రం తీసుకెళ్లలేదు. యజమాని ఒకసారి అడిగాడు కూడా. "వెనకాలే ఉండాది గదా, ఆయమ్మ దగ్గర సొల్పం చూడరాదా?" అన్నాడు. "అక్కడ పాడైతే యాభై మంది పస్తుతో పనికి పోతారు సార్," అన్నాను. ఆయనకు ఆ మాట న్యాయంగానే తోచింది. నాకూ అలాగే వినిపించింది. కానీ అసలు కారణం అది కాదు. మిగతా చోట్లన్నీ పాసవుతుందని నాకు లోలోపల ముందే తెలుసు. అక్కడ మాత్రం తెలియదు. పాసయ్యే చోటే వెతుక్కుని మరీ పరీక్ష పెట్టుకున్నాను. ఈ ముక్క ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

ఎగ్జిబిషన్ ఇంకో పది రోజులుందనగా ఆమే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వచ్చింది. కుడిచెయ్యి పాత చీర పేలికతో మెడకు కట్టుకుని ఉంది. మొహం పీక్కుపోయింది.

"రేపు నేను గెలకలేనప్పా. చెల్లెలికి జరం. మీ మిషన్ తెస్తావా, మెస్సుకు బీగం ఎయ్యనా?"

"తెస్తానక్కా. అన్ని చోట్లా పాసయ్యింది. నువ్వు చెయ్యి కదిలించే పనే లేదు," అన్నాను.

ఆ ఆఖరి మాట అనకుండా ఉండవలసింది.

పొద్దున ఆరింటికి పెద్ద మిషన్ పట్టుకుని వెళ్లాను. పొయ్యి మీద పెద్ద గిన్నెలో ఎసరు మరుగుతోంది. బయట కూలీలు పళ్లేలు పట్టుకుని అప్పటికే చేరారు. ఆమె ఎడమచేత్తో పిండి పోసింది. మా ఇంట్లో పోసేదానికి ఎంతో ఎక్కువ.

"ఇంత పిండా?" అన్నాను.

"గట్టిగా ఉంటేనే మధ్యాహ్నం దాకా కడుపులో నిలబడతాది. వీళ్లు మోసేది సిమెంటు, నీ మాదిరి కాగితాలు కాదు," అంది.

పిండి మగ్గాక మూత బిగించి మోటారు వేశాను. రెక్క తిరిగింది. నిమిషం బాగానే తిరిగింది. తరువాత లోపలి సంగటి మొత్తం రెక్కకు అతుక్కుని, రెక్కతోపాటే గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది. అంచుల వెంట పచ్చి పిండి అట్లాగే ఉండిపోయింది. ఆమె వంగి, సందులోంచి చూసింది.

"ఇది గెలకడం లేదప్పా. ఊరేగతా ఉండాది," అంది.

వెనక ఎవరో పకపకా నవ్వారు. నేను వేగం పెంచాను. కాలిన వాసన వచ్చి మోటారు ఆగిపోయింది. మళ్లీ స్విచ్ వేశాను, తీశాను, వేశాను. అంతలో సందు మొదట్లో లారీ హారను కొట్టింది. ఆరోజు స్లాబు పోసే పని ఉన్నవాళ్లు పది మంది దాకా పళ్లేలు గోడ దగ్గర పెట్టేసి, ఏమీ అనకుండా వెళ్లి లారీ ఎక్కారు. వాళ్లు తిట్టినా బాగుండేది.

ఆమె మూత ఊడదీయించింది. మెడకున్న పేలిక విప్పింది. గిన్నె కిందికి దింపించి, రెండు పాదాలతో అదిమిపట్టి, మూలనున్న సంగటి కట్టె అందుకుంది. "వద్దక్కా," అన్నాను. ఆమె విననే లేదు. గిన్నెడు సంగటి, సగం పచ్చి, సగం ఉడుకు. నాలుగుసార్లు గెలికింది. అయిదోసారి చిన్నగా "అమ్మా" అంది. కట్టె సంగటిలో నిలబడి ఉంది, చెయ్యి పక్కకు జారిపోయింది. మళ్లీ ఎత్తబోతే లేవలేదు.

నేను కట్టె పట్టుకున్నాను.

అప్పుడు తట్టింది నాకు, అంతకుముందు ఎప్పుడూ తట్టలేదు. ముప్పై ఏళ్లు వచ్చేదాకా సంగటి తిన్నాను గానీ, ఒక్కసారీ గెలికి ఎరగను. మా ఇళ్లల్లో మగవాడు ఆ కట్టె ముట్టడు. నేను చేసింది ఎప్పుడూ చెయ్యని పనికి మిషన్. మా నాయన చెయ్యలేదు, మా యజమాని చెయ్యలేదు, ల్యాబు ఆఫీసరూ చేసి ఉండడు. ఎన్నడూ గెలకని మగవాళ్లమే చేరి దానికి సర్టిఫికెట్ ఇచ్చుకున్నాం.

గుండ్రంగా తిప్పబోయాను.

"తిప్పొద్దు," అంది ఆమె, గోడకు చేరగిలబడి, పళ్లు బిగబట్టి. "ఒత్తు. అంచుకేసి ఒత్తల్ల. ఒత్తి నీ పక్కకు లాక్కో. మళ్ల ఆ పక్కకు. ఉండ దొరికితే గిన్నెకేసి నలిపెయ్. నిదానం. నిదానమప్పా, యాడికీ పోదు అది."

అదీ కిటుకు. గెలకడమంటే తిప్పడం కాదు, అంచుకు వేసి ఒత్తడం. నేను కట్టింది పెద్ద మిక్సీ. పావుగంటకు నా అరచేతులు బొబ్బలెక్కాయి, చొక్కా తడిసి ముద్దయింది. ఆ రోజు ముద్దల్లో ఉండలున్నాయి. మిగిలినవాళ్లు పక్కకు తీసి పెట్టుకుని తిన్నారు. "ఇంజినీరు సంగటిరా, చూసి మింగండి," అని ఒకాయన అంటే ఆమె కూడా నవ్వబోయింది గానీ భుజం నవ్వనివ్వలేదు.

ఇంటికి వెళ్లి, స్నానం కూడా చెయ్యకుండా వంటింటి గుమ్మంలో నిలబడి మా ఆవిణ్ణి అడిగాను. మూడు వారాలు మన సంగటి ఎలా నున్నగా వచ్చిందని.

"మిషన్ ఆగినాక కట్టెతో నాలుగు ఒత్తులు ఒత్తేదాన్ని," అంది.

"ప్రతిరోజూనా?"

"రోజూనే. ఒత్తకుండా ముద్ద ఎట్ల చేస్తారు?"

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"మీరు అడిగితే గదా. గడియారం ముందేసుకోని కూర్చుంటిరి," అంది, కూర కలుపుతూనే. తప్పు పట్టినట్టు కాదు, ఉన్నమాట చెప్పినట్టు. నోటుపుస్తకం తీసి చూస్తే అన్ని పేజీల్లో ఎక్కడా ఆమె చెయ్యి లేదు. సిగ్గుతో చచ్చిపోయాను. ఆ మాట తేలిగ్గా అనడం లేదు.

మర్నాడు యజమానికి అంతా చెప్పాను. ఆయన మొదట ఒప్పుకోలేదు. సర్టిఫికెట్ ఉంది, వైట్‌ఫీల్డ్ కాగితాలున్నాయి, స్టాలు చేతిలో ఉంది, సంగటికి పనికిరాకపోతే చపాతీ మిషన్ అని అమ్ముదామన్నాడు. నేను గొంతు పెంచాను. ఆయనా పెంచాడు. చివరికి చెప్పులేసుకుని సందులోకి నడిచాడు, వెనకే నేను. మెస్సు అక్క పట్టీ కట్టించుకుని గుమ్మంలో కూర్చుని, ఎడమచేత్తో బియ్యం ఏరుతోంది. ఆయన్ను చూసి లేవబోయి, కుడిచెయ్యి ఆనించబోయి, ఆనించలేక అలాగే ఆగిపోయింది. ఆయన అక్కడినుంచే వెనక్కి తిరిగాడు.

"మా అమ్మ చేతి సంగటి ముప్పై ఏండ్లు తిన్నానప్పా," అన్నాడు దారిలో. "సంగటి చూసినా గానీ, ఆ చెయ్యి ఒక్క దినమూ చూల్లేదు."

స్టాలు వద్దనుకున్నాడు. స్టిక్కర్ల కట్టలు అటక మీద పడ్డాయి.

రెండో మిషన్‌కు అయిదు నెలలు పట్టింది. ఆ అయిదు నెలలూ పొద్దున్నే మెస్సులో సంగటి గెలికింది నేను. పుణ్యం కోసం అనుకోవద్దు. ఆ భుజానికి నా మాటే కారణం, ఆ లెక్క వేరే. దానికి తోడు, గెలకకుండా ఆ మిషన్ కట్టలేనని కూడా తెలిసింది. కట్టె ఎంత వాలుతుంది, ఎక్కడ బిగుసుకుంటుంది, ఎప్పుడు వదులుతుంది, అన్నీ చేతికి తెలిశాక గానీ కాగితం మీదికి రాలేదు. ఈసారి రెక్క నడుమన కాకుండా పక్కకు పెట్టాను. అది అంచు వెంట ఒత్తుకుంటూ, నిదానంగా గిన్నె చుట్టూ తిరిగేలా గేర్లు మార్చాను. ప్రతి మార్పూ ముందు ఆమెకు చూపించేవాణ్ణి. ఆమె చూసి, "ఇంకా ఒత్తల్ల," అనేది. మళ్లీ ఫ్యాక్టరీకి. తల ప్రాణం తోకకొచ్చింది. నా గెలుకుడు మాత్రం బాగుపడింది. చివరి నెలలో ముద్దల్లో ఉండలు లేవని కూలీలే ఒప్పుకున్నారు.

చివరి పరీక్ష ల్యాబులో కాదు, వైట్‌ఫీల్డ్‌లో కాదు, మా ఇంట్లో అసలే కాదు. మెస్సులో, పొద్దున ఆరింటికి, అందరి ముందర. ఆమే స్విచ్ వేసింది, ఎడమచేత్తో. తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది. ఆ వేళప్పుడు ఆమె కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి. మిషన్ తిరుగుతున్నంతసేపూ కట్టె కోసం ఆమె చూపు మూలకే పోతోంది. మోటారు ఆగాక నేను ఎవర్నీ కట్టె ముట్టనివ్వలేదు. ఆమె చెయ్యి తడుపుకుని ఒక ముద్ద చేసింది, విరిచింది, వేళ్లతో నలిపి చూసింది. ఇంకో ముద్ద తీసి విరిచింది. మూడోది విరవకుండా పళ్లెంలో పెట్టి, గుంట చేసి, చెనిక్కాయ చట్నీ వేసి నా ముందు పెట్టింది.

"తిను. నున్నగుండాది," అంది.

సంతోషంతో నాకు మింగుడుపడలేదు. ఉండ తగిలిందేమోనని ఆమె గాభరా పడింది.

నేను బయల్దేరబోతుంటే మూలనున్న సంగటి కట్టె తీసి నా చేతికిచ్చింది. ఏళ్ల తరబడి ఆమె పట్టుకున్న చోట నల్లగా, నున్నగా అరిగి ఉంది.

"ఇది నాకెందుకక్కా? కరెంటు పోతే నీకు కావాలి గదా?"

"అందుకే ఇస్తా ఉండేది. ఇది ఈడ ఉంటే కరెంటు పోయిన దినం నేనే పట్టుకుంటా. యాభై మంది బయట నిలబడి ఉంటే నా చెయ్యి ఆగదు, నాకు తెలుసు. నీ దగ్గర పెట్టుకో," అంది. ఎడమచేత్తో కుడి భుజం పట్టుకుని ఉంది. ఆ చెయ్యి ఇక జడ వేసుకునేంత ఎత్తుకు కూడా లేవదని డాక్టరు అప్పటికే చెప్పేశాడు.

ఆ వేసవి కరెంటు కోతలు మొదలైన మొదటి వారమే, ఒక పొద్దున లేచేసరికి ఫ్యాను ఆగిపోయి ఉంది. బొమ్మనహళ్ళిలోనూ అంతే అయ్యుంటుందనుకుని, కట్టె స్కూటరుకు అడ్డంగా కట్టుకుని బయల్దేరాను. ఫ్యాక్టరీ ముందు తాళం తీస్తున్న యజమాని ఆ కట్టెను, నన్ను చూశాడు.

"ఏమప్పా, టెస్టింగు ఇంకా అయిపోలేదా?"

"లేదు సార్," అని సందులోకి తిరిగాను.